కల్లు పన్ను నుంచి 1/70 దాకా: రంప మన్యం నేపథ్యం

పర్యాటకం పెరగాలంటే, గిరిజనుల భూమి గిరిజనేతరుల పరం కాకుండా కాపాడే 1/70 చట్టం నిబంధనలను సడలించాలన్న ప్రస్తావన రావడంతో 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. ఒక్క మాటకు అంత ఆందోళన ఏమిటని మైదానంలో కొందరు ఆశ్చర్యపోయారు కానీ, ఆ జ్ఞాపకం 1879 నాటి రంప పితూరీ దాకా పోతుంది. పితూరీ అంటే మనకిప్పుడు చాడీ చెప్పడం. నాటి సర్కారు దస్త్రాల్లో అది తిరుగుబాటుకు పెట్టిన పేరు.

1813లో ఈస్టిండియా కంపెనీ రంప ప్రాంతాన్ని రామభూపతి దేవు ఏలుబడికే వదిలింది. 1835లో ఆయన మరణించాక వారసత్వ తగాదా సాగి, 1848లో కంపెనీ అండతో గద్దెనెక్కిన మున్సబుదారు (రంప పాలకుడు) ముఠాదారులను, అంటే కొండ ఊళ్ల గుంపులైన ముఠాల పెద్దలను, పీడించి, వారి ముఠాలను కలుపుకొని, కల్లుపై 'చిగురు పన్ను' వసూలు చేశాడు. అది చాలదన్నట్టు మద్రాసు ప్రభుత్వ ఆబ్కారీ విధానం ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నిషేధించి, ఆ హక్కును గుత్తేదారులకు అప్పగించింది. ఏడాదిలో కొన్ని నెలలు కల్లే కడుపు నింపే కొండరెడ్లకు, కోయలకు ఇది తిండి మీద వేసిన పన్నుగానే తోచి ఉంటుంది. దీనికి తోడు, అప్పులిచ్చిన వర్తకులు మైదానపు కోర్టుల్లో ఏకపక్ష డిక్రీలు తెచ్చి పశువులను, పంటను జప్తు చేయించేవారు. కొండ మీది మనిషికి దావా పడిన సంగతి జప్తు నాడే తెలిసేది.

1879 మార్చిలో చోడవరం వైపు మొదలైన పితూరీ గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపుకు పాకింది. అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్న దొర వంటి నాయకులను అణచడానికి ప్రభుత్వం పోలీసులతో పాటు అనేక సైనిక పటాలాలను దింపినా, అది 1880 దాకా సాగింది. చివరికి మున్సబుదారును తొలగించి ముఠాలను ముఠాదారులకే నేరుగా ఇచ్చారంటే, ఫిర్యాదులో న్యాయముందని సర్కారు ఒప్పుకున్నట్టే.

అయితే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకు, అంటే అడవి నరికి కాల్చి చేసే కొండ సేద్యానికి, ఆంక్షలు వచ్చాయి. పోడుపై ఆ ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి కలిసి 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్లపై చేసిన దాడులకు దారితీశాయి. ఆ కథ తెలియని తెలుగువారు లేరు.

ఈ రెండు పితూరీల మధ్యనే, 1917లో, ఏజెంటు (మన్యం పాలన చూసే సర్కారు అధికారి) అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదన్న చట్టం వచ్చింది. 1959 నిబంధన దానికి కొనసాగింపు. 1/70గా పిలిచే 1970 సవరణ మరో అడుగు వేసి, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య క్రయవిక్రయాలనూ నిషేధించింది. గిరిజనేతరుడి చేతిలోని భూమి ఒకప్పుడు గిరిజనులదేనని, కాదనేవారే రుజువు చేసుకోవాలని చెప్పింది. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టివేశాక, చేతిలో మిగిలిన గట్టి రక్షణ ఈ భూచట్టమేనన్న భావన మన్యంలో బలపడింది. అదీ బినామీ పేర్ల చాటున నిత్యం నీరుగారుతున్నదే.