బ్యాటరీ అక్కర్లేదు సరే, సర్వీసు కూడా అక్కర్లేదని ఎవరన్నారు? పాత ఫిల్మ్ కెమెరాల మీద అపోహలు – వాస్తవాలు

పాత మెకానికల్ కెమెరాలు రిపేరు చేస్తాను, వాటితోనే ఫోటోలు కూడా తీస్తాను. ఈమధ్య కాలేజీ పిల్లలు, ఉద్యోగాలు చేసేవాళ్లు చాలామంది మళ్లీ ఫిల్మ్ మీద పడ్డారు. సంతోషమే. కానీ నా టేబుల్ మీదికి వచ్చే కెమెరాల్లో వయసు వల్ల పాడైనవి తక్కువ. ఏళ్ల తరబడి బీరువాలో ఊరికే పడి ఉండటం వల్లో, ఎవరో చెప్పిన చిట్కా విని ఇంట్లోనే వైద్యం చేయడం వల్లో పాడైనవే ఎక్కువ. అందుకని ఎక్కువగా వినపడే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మెకానికల్ కెమెరాకి చావు లేదు, సర్వీసూ అక్కర్లేదు

సగం నిజం. పెంటాక్స్ కె1000 (1976 నుంచి 1997 దాకా తయారైంది), 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం2 లాంటి వాటిలో షట్టర్‌కి (నొక్కగానే తెరుచుకుని ఫిల్మ్ మీద వెలుతురు పడనిచ్చే తెరకి) బ్యాటరీతో పనే లేదు, స్ప్రింగులు, గేర్లు అంతే. కానీ ఆ గేర్లకు ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు ముప్పై నలభై ఏళ్లకు ఎండి జిగురులా తయారవుతుంది. ముందు దెబ్బతినేది స్లో స్పీడ్లు. 1 సెకను పెట్టి నొక్కితే గుర్‌ర్‌ర్ అని మొదలై మధ్యలో ఆగిపోతుంది, లేదా రెండు సెకన్లు లాగుతుంది. ఇంకో చివర 1/1000 ఉంటుంది, అది మెల్లగా 1/600కో 1/500కో దిగిపోతుంది, చెవికి ఏమీ తెలియదు.

పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తీసి, కెమెరాని కిటికీ వైపు పెట్టి, ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్‌లో వీడియో తీయండి. 1/30 దగ్గర వెలుతురు దాదాపు 8 ఫ్రేముల పాటు కనపడాలి, 1/60 దగ్గర 4 ఫ్రేములు. 1/125 దాటితే ఫోన్‌తో తేల్చలేం, దానికి షట్టర్ టెస్టర్ కావాల్సిందే. కాస్త తేడా ఉందని టెన్షన్ పడక్కర్లేదు, ఎందుకంటే షట్టర్ నెమ్మదిస్తే ఫిల్మ్ మీద వెలుతురు ఎక్కువ పడుతుంది, మామూలు నెగెటివ్ ఫిల్మ్ ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువైనా హాయిగా తట్టుకుంటుంది. నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడ్ ఫిల్మ్ మాత్రం తట్టుకోదు.

సర్వీసు ఎప్పుడు చేయించాలంటే, కొన్న వెంటనే ఒకసారి. తర్వాత కెమెరాని వాడుతూ ఉండటమే పెద్ద మందు. వాడని నెలల్లో కూడా అప్పుడప్పుడు బయటికి తీసి, అన్ని స్పీడ్ల మీదా నాలుగైదు సార్లు నొక్కి, షట్టర్ వదిలేసిన స్థితిలోనే లోపల పెట్టండి.

అపోహ: బిగుసుకుంటే రెండు చుక్కలు కుట్టుమిషన్ ఆయిల్ వేస్తే సరి

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే. యాషికా మ్యాట్ లాంటి రెండు లెన్సుల కెమెరాల్లో షట్టర్ లెన్సు మధ్యలో ఉంటుంది, కాగితం కంటే పలచటి స్టీలు రేకులు ఒకదాని మీద ఒకటి జారుతూ తెరుచుకుని మూసుకుంటాయి. ఆ రేకులు పూర్తిగా పొడిగా ఉండాలి. ఒక్క చుక్క నూనె తగిలినా రెండు తడి గాజు పలకల్లా అతుక్కుపోతాయి. వేసిన రోజు పని చేసినట్టే ఉంటుంది, అందుకే అందరూ ఈ చిట్కా నమ్ముతారు. వారం తిరిగేసరికి నూనె రేకుల మధ్యకి పాకి, మన ఎండలకి ఆవిరై లెన్సు లోపలి గాజు మీద పొరలా కూడా కూర్చుంటుంది. అప్పుడు షట్టర్ ఒక్కటే కాదు, లెన్సు మొత్తం విప్పాలి. తుప్పు వదలగొట్టే స్ప్రేలు కొట్టేవాళ్లు ఇంకా నయం అనుకోకండి, అవి అంతకన్నా దూరం పాకుతాయి.

అతుక్కున్న షట్టర్‌కి అసలు మందు నూనె వేయడం కాదు, ఉన్న పాత నూనె తీయడం. విప్పి, లైటర్ ఫ్లూయిడ్ లాంటి ద్రావకంతో కడిగి ఆరబెట్టి, గేర్ల ఇరుసుల దగ్గర మాత్రం సూది మొనతో అంటీ అంటనట్టు వాచీ ఆయిల్ పెడతాం. అంతే.

పనిలో పనిగా ఇంకోటి: ముందు వైపు ఉండే సెల్ఫ్ టైమర్ మీటని పాత కెమెరాల్లో ముట్టుకోకండి. వాడక దాని గేర్లు ఎండిపోయి ఉంటాయి, సగంలో ఆగితే దాంతో పాటు షట్టర్ కూడా ఇరుక్కుంటుంది.

అపోహ: లివర్ తిరగకపోతే కాస్త గట్టిగా తిప్పాలి

వద్దు బాబూ. ఫోటోలు తీస్తుండగా ఫిల్మ్‌ని ముందుకు జరిపే లివర్ ఆగిందంటే బహుశా రీలు అయిపోయింది, బలం పెడితే ఫిల్మ్ అంచు రంధ్రాలు చిరుగుతాయి. అడుగున ఉండే చిన్న బటన్ నొక్కి వెనక్కి చుట్టండి. జోర్కీ లాంటి రష్యన్ కెమెరాలకు ఇంకో తిక్క ఉంది, వాటిలో లివర్ తిప్పి షట్టర్ ఎక్కించాకే స్పీడ్ మార్చాలి. ముందే మారిస్తే లోపల పార్టు దెబ్బతింటుంది. ఆ దేశం వాళ్లకి అలవాటే, మనకి కాదు.

ఇంకో మాట, ఫిల్మ్ ఎక్కించాక లివర్ తిప్పినప్పుడల్లా ఎడమ వైపు రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఫిల్మ్ కదలడం లేదని అర్థం. ఇది చూడకుండా పెళ్లంతా తీసి ఖాళీ రీలు కడిగించుకున్నవాళ్లు నాకు తెలుసు.

అపోహ: పాతవన్నీ మెకానికల్ కెమెరాలే

కానే కాదు. కె1000 వచ్చిన 1976లోనే క్యానన్ ఏఈ-1 కూడా వచ్చింది. చూడటానికి ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉంటారు, కానీ ఏఈ-1లో బ్యాటరీ అయిపోతే షట్టర్ కదలదు. యాషికా ఎలక్ట్రో 35 బ్యాటరీ లేకపోయినా క్లిక్‌మంటుంది గానీ ఒకే ఒక్క స్పీడ్‌లో. ఎలక్ట్రానిక్ కెమెరాలు చెడ్డవని కాదు, సర్క్యూట్ పోతే దానికి బదులు మరో కెమెరా నుంచి తీసిన పార్టే దిక్కు, అది తెలిసి కొనండి. కొనేటప్పుడు బ్యాటరీ తీసేసి 1 సెకనులో, 1/15లో, 1/500లో నొక్కి చూస్తే గుట్టు బయటపడుతుంది.

మీటర్ వేరే కథ. మెకానికల్ కెమెరాల్లో కూడా వెలుతురు కొలిచే మీటర్‌కి చాలా వరకు బ్యాటరీ కావాలి. కె1000కి ఒక ఎల్‌ఆర్44 చాలు, కానీ దానికి ఆన్ ఆఫ్ స్విచ్ లేదు, లెన్సుకి మూత పెట్టకపోతే వెలుతురు పడుతున్నంతసేపూ బ్యాటరీ తింటూనే ఉంటుంది. 1960, 70ల నాటి చాలా కెమెరాలు 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీలకు తయారైనవి, అవి ఇప్పుడు రావు. అదే సైజు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు ఇస్తుంది, పైగా వాడేకొద్దీ వోల్టేజి పడిపోతుంది, అంటే మీటర్ ఇవాళ ఒక అబద్ధం, వచ్చే నెల ఇంకో అబద్ధం చెబుతుంది. వినికిడి మెషిన్లకు వాడే 675 నంబర్ జింక్ ఎయిర్ సెల్ దాదాపు 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది, మెడికల్ షాపుల్లో అడగండి. జెనిత్-ఈ మీద ఉండే సెలీనియం మీటర్‌కి బ్యాటరీయే వద్దు, కాకపోతే ఆ సెలీనియం ఒకసారి పోతే పోయినట్టే.

అసలు మీటర్ లేకపోయినా ఇబ్బంది లేదు. మబ్బు లేని ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్/16 దగ్గర పెట్టి, ఫిల్మ్ ఐఎస్‌ఓ (డబ్బా మీద రాసి ఉండే వేగం నంబరు) ఎంతో షట్టర్ దానికి దగ్గరగా పెట్టడం పాత పద్ధతి, 200 ఫిల్మ్‌కి 1/250 అన్నమాట. చెట్టు నీడకి వస్తే మూడు నాలుగు స్టాపులు తెరవాలి. మన దగ్గర మే నెల మిట్టమధ్యాహ్నం మనిషి ఫోటో తీస్తే కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి, అప్పుడు నీడనే లెక్కలోకి తీసుకుని ఒక స్టాపు ఎక్కువే ఇవ్వండి.

అపోహ: తాతగారి కెమెరా, లక్షలు పలుకుతుంది

ఈ ప్రశ్న అడగని వాళ్లు లేరు. తాతల ఇళ్లల్లో ఎక్కువగా దొరికేది ఆగ్ఫా క్లిక్ 3. మన దేశంలో బోలెడన్ని అమ్ముడుపోయాయి, అందుకే విలువ తక్కువ. అమ్మడం మానేసి 120 ఫిల్మ్ (వెడల్పాటి రీలు) వేసి తీయండి, పెద్ద చదరపు నెగెటివ్, ముచ్చటగా వస్తుంది.

బంగారు పూత, జర్మన్ సైన్యం ముద్ర ఉన్న 'రెండో ప్రపంచ యుద్ధం నాటి లైకా' అని ఎవరైనా చూపిస్తే మాత్రం జేబు పట్టుకోండి. అలాంటివి దాదాపు అన్నీ సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాల మీద పేరు చెక్కి అమ్మినవే. లెన్సు విప్పి లోపల చూస్తే, ఫోకస్ అందుకునే మీట చివర అసలు లైకాలో గుండ్రటి చిన్న చక్రం ఉంటుంది. ఫెడ్, జోర్కీల్లో చక్రం బదులు చీలలాంటి మొన ఉంటుంది.

అపోహ: లెదర్ కేసులో పెట్టి బీరువాలో దాస్తే భద్రం

ఫంగస్‌కి అంతకంటే సుఖమైన ఇల్లు లేదు. తోలు తేమని పట్టుకుని ఉంచుతుంది, చీకటి, గాలి ఆడదు. కాకినాడ, విశాఖ వైపు నుంచి వచ్చే లెన్సుల్లో సాలెగూడులాంటి పోగులు నాకు మామూలే. మొదట్లో అయితే తుడిస్తే పోతుంది, ముదిరితే గాజు మీది పూతని తినేసి మచ్చ వదులుతుంది, ఆ మచ్చకి మందు లేదు. బియ్యం డబ్బాలో పెట్టడం చిట్కా కాదు, పిండి దుమ్ము రింగుల్లోకి దూరడమే లాభం. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, పది రూపాయలు ఎక్కువైనా ఒక చిన్న తేమ మీటర్, ఇవి చాలు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. మరీ ఎండబెడితే గ్రీజుకి, తోలుకి మంచిది కాదు. కేసు మాత్రం వేరే చోట పెట్టండి.

వెనక తలుపు చుట్టూ ఉండే నల్లటి ఫోమ్ కూడా చూడండి. డెబ్బైల జపాన్ కెమెరాల్లో అది తారులా కరిగి చేతికి అంటుతుంది. వెలుతురు లోపలికి దూరి ఫోటోల మీద ఎర్రటి చారలు వస్తే కెమెరా పోయిందనుకుంటారు, నల్ల ఊలు దారంతో కూడా సరిచేయొచ్చు. తీసేటప్పుడు ఆ ముక్కలు అద్దం మీద పడితే వేలితో తుడవకండి, దాని పూత పైనే ఉంటుంది, గీత పడిపోతుంది.

అపోహ: పాత లెన్సుల్లో రేడియేషన్ ఉంటుంది, ప్రమాదం

కొన్నింటిలో థోరియం ఉన్న గాజు నిజంగానే ఉంది, సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 రకాల్లో కొన్ని వాటికి ఉదాహరణ. గాజు పసుపెక్కుతుంది, అతినీల కాంతిలో కొన్ని రోజులు ఉంచితే తగ్గుతుంది. మామూలుగా ఫోటోలు తీసుకోవడానికి భయపడక్కర్లేదు. గాజుని అరగదీసి పొడి చేయకండి, అంతే.

అపోహ: గడువు దాటిన ఫిల్మ్‌తోనే అసలు రంగులు

ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు రీలు అటక మీద దొరికిందని తెస్తారు. మోజు తీరడానికి వాడండి, చెల్లెలి పెళ్లికి వద్దు. కలర్ నెగెటివ్‌కి పదేళ్లకి ఒక స్టాపు ఎక్కువ వెలుతురు ఇవ్వడం అనేది ఉజ్జాయింపు, అటక మీద వేడికి ఉడికిన దానికి ఆ లెక్క కూడా పనిచేయదు. కొత్త ఫిల్మ్ ఫ్రిజ్‌లో పెట్టండి, వాడే ముందు బయటపెట్టి గది వేడికి వచ్చాకే డబ్బా తెరవండి, లేకపోతే నీటి తేమ ఫిల్మ్ మీదే పడుతుంది.

అపోహ: ఎయిర్‌పోర్ట్ స్కానర్ ఫిల్మ్‌ని ఏమీ చేయదు

పాత ఎక్స్‌రే మెషిన్ల కాలంలో 400 ఐఎస్‌ఓ ఫిల్మ్ ఒకటి రెండు సార్లు వెళ్లినా ఏమీ అయ్యేది కాదు, ఆ ధైర్యంతోనే ఇంకా చెబుతుంటారు. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు వేరు, ఒక్కసారికే ఫిల్మ్ మీద మసక పడొచ్చని కొడాక్ కూడా చెప్పింది. చెక్ఇన్ సూట్‌కేసులో అసలు పెట్టొద్దు. రీళ్లు పారదర్శకమైన జిప్ కవర్లో వేసుకుని, క్యూ తక్కువ ఉన్నప్పుడు వెళ్లి, చేత్తో చెక్ చేయమని మర్యాదగా అడగండి. కెమెరాలో ఎక్కించి ఉన్న ఫిల్మ్‌కీ ఇదే వర్తిస్తుంది.

అపోహ: ఎర్ర బల్బు వెలిగించి రీలు కడుగుతారు

సినిమాల వల్ల వచ్చిన తంటా. ఎర్ర వెలుతురు ఫోటో పేపర్‌కి పనికొస్తుంది, ఫిల్మ్‌కి కాదు. ఇవాళ్టి బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఎరుపుతో సహా అన్ని రంగులకీ స్పందిస్తుంది కాబట్టి రీలు కాస్తా పూర్తిగా నల్లబడిపోతుంది. ఫిల్మ్‌ని కడిగే ట్యాంకులో (వెలుతురు దూరని డబ్బాలో) ఎక్కించేదాకా కటిక చీకటి కావాలి, చేతులు దూర్చే నల్ల సంచి ఒకటి ఉంటే పగలే పని అయిపోతుంది. ట్యాంకు మూత పడ్డాక లైటు వేసుకుని కూర్చోవచ్చు.

'కడిగేవాళ్లే లేరండీ' అనే మాట కూడా పూర్తి నిజం కాదు. పెద్ద నగరాల్లో కలర్ ల్యాబులు ఇంకా ఉన్నాయి, కొరియర్‌లో పంపితే స్కాన్లు మెయిల్‌కి వస్తాయి. నెగెటివ్‌లు మాత్రం తప్పకుండా వెనక్కి అడగండి. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే నయం. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ఫిల్మ్‌కి డి-76 అనే డెవలపర్ మందుని అదనంగా నీళ్లు కలపకుండా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. అసలు సమస్య ఆ 20 డిగ్రీలే. ఏప్రిల్‌లో డాబా మీది ట్యాంకు నీళ్లతో కడిగితే ముగ్గురికి టీ పెట్టొచ్చు. 24 డిగ్రీల దగ్గరే టైము ఐదు నిమిషాలకి అటూ ఇటూ దిగిపోతుంది, అంతకంటే వేడైతే డెవలప్‌మెంట్ అంతటా ఒకేలా రాదు. మందు సీసాలని ఐసు వేసిన బకెట్‌లో నిలబెట్టండి, ఐసు ముక్క మందులోనే వేయకండి. ఎండాకాలం తెల్లవారుజామున కడుక్కోవడం ఉత్తమం.

ఆరబెట్టేది బాత్రూంలో, అంతకుముందే షవర్ తిప్పి ఆపితే గాల్లో దుమ్ము కిందకి దిగుతుంది. తొందరపడి ఫ్యాన్ కింద వేలాడదీస్తే గదిలో ఉన్న దుమ్మంతా తడి నెగెటివ్‌కి అంటుకుని ఎండిపోతుంది, తర్వాత స్కాన్‌లో ఒక్కో చుక్కా చేత్తో తుడుచుకోవాలి.