తోటలో పిట్టపిల్ల దొరికితే

చిట్టీ, చిన్నోడా,

మీరు పంపిన ఫొటో చూశాను. అది బుల్బుల్ పిల్ల. ఒంటినిండా ఈకలున్నాయి, తోక మాత్రం పొట్టిగా ఉంది, దాని కింద ఎరుపు ఇంకా వెలిసినట్టే ఉంది. అట్టపెట్టెలో పెట్టి పాలు పడతామన్నారు. వద్దు కన్నా, దాన్ని మళ్లీ ఆ మందార చెట్టులోనే కూర్చోబెట్టండి.

అది గూట్లోంచి జారి పడింది కాదు. రెండు వారాలైనా నిండకముందే, ఎగరడం సరిగా రాకుండానే బుల్బుల్ పిల్లలు గూడు వదిలేస్తాయి. కొన్నాళ్లు గెంతుతూ, కొమ్మా కొమ్మా పట్టుకుంటూ తిరుగుతాయి. తల్లీ తండ్రీ పురుగులు తెచ్చి పెడుతూనే ఉంటాయి, కానీ మీరు అక్కడే నిలబడితే దగ్గరికి రావు. లోపలికెళ్లి కిటికీలోంచి చూడండి, గంటైనా సరే. పక్కింటి పిల్లి రాకుండా చూసుకోండి, అసలు పని అదే.

మనిషి చెయ్యి తగిలితే తల్లి చేరనివ్వదని మా అమ్మా చెప్పేది. అది ఒట్టి మాట. పిల్ల అరుపు వినబడితే చాలు, మేతతో వచ్చేస్తుంది.

ఈకలే రాని ఎర్రటి పిల్ల దొరికితే మాత్రం గూట్లో పెట్టాల్సిందే. గూడు చెదిరిపోయుంటే, అడుగున సందులున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి, ఆ దగ్గరి కొమ్మకే కట్టండి. సందులుంటే వాన నీళ్లు నిలవవు.

నోట్లో నీళ్లు పోయొద్దు. పిట్ట నోరు తెరిచినప్పుడు చూడండి, నాలుక వెనకే సన్నటి రంధ్రం ఉంటుంది. ఊపిరి పోయే దారి అదే. మనం పోసిన చుక్క అందులోకి జారితే ఊపిరాడదు. పాలు వాటికి అరగవు.

పిల్లి పట్టిందంటే గాయం కనబడకపోయినా ఊరుకోవద్దు, దాని ఎంగిలిలో క్రిములుంటాయి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, మాటిమాటికీ తెరిచి చూడకుండా, ఆ రోజే చిత్తూరులో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని నాన్నకు చెప్పండి. ఇక్కడ తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ ఎలాగూ ఉంది. ఫారెస్టు వాళ్లకీ చెప్పొచ్చు.

చిన్నోడు పంజరం అడిగాడట. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇలాంటి పిట్టల్ని పట్టి పెంచుకోవడం నేరంరా. నీ పుట్టినరోజుకు దూరం నుంచి చూసే బైనాక్యులర్ కొనిస్తాలే.

తల్లి వచ్చిందో లేదో సాయంత్రం ఫోన్ చేసి చెప్పండి.

మీ అవ్వ,
తిరుపతి