సర్వేల సగటు గొడవ: మలుపు 2019 శ్రీకాకుళంలోనే ఉంది

ఎన్నికల మాట వినపడగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మళ్లీ అదే రగడ. నాలుగైదు సర్వేల అంకెలు కూడి, సగటు తీసి, ‘అన్ని పద్ధతులూ కలిపిన అంచనా’ అంటూ ఫోన్లలో తిప్పుతున్నారు. అనుకూలంగా వచ్చినవాళ్లు అదే తిరుగులేని లెక్క అంటున్నారు, రానివాళ్లు సర్వేలన్నీ బూటకమంటున్నారు. ఈ తగాదా అర్థం కావాలంటే 2019 మే 23 నాటి కౌంటింగ్ చూడాలి.

ఆ రోజు శ్రీకాకుళం లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో అయిదు వైఎస్సార్‌సీపీ గెలుచుకుంది. తెలుగుదేశానికి దక్కినవి ఇచ్ఛాపురం, టెక్కలి మాత్రమే. అయినా ఎంపీగా తెలుగుదేశం అభ్యర్థి రామ్మోహన్ నాయుడు 6,653 ఓట్లతో బయటపడ్డారు. ఓటర్ల ముందు రెండు యంత్రాలున్నాయి: లోక్‌సభకు తెల్ల బ్యాలెట్, అసెంబ్లీకి గులాబీ బ్యాలెట్. వేల మంది దీనిమీద ఒక గుర్తు, దానిమీద ఇంకో గుర్తు నొక్కి వచ్చారు. పక్కన విజయనగరం జిల్లాలో మాత్రం తొమ్మిదికి తొమ్మిది అసెంబ్లీ స్థానాలూ, ఎంపీ సీటూ ఒకే పార్టీకి పోయాయి.

రాష్ట్రం మొత్తం గాలిని కొలిచే సర్వేకి ఈ తేడా కనపడదు. అలాంటివి పది కలిపినా కనపడదు, పదింటికీ అందనిది ఒకటే కాబట్టి.

అంచనాలు కలపాలన్న ఆలోచన తప్పేం కాదు. 1969లోనే బేట్స్, గ్రాంజర్ అనే పరిశోధకులు విమాన ప్రయాణికుల సంఖ్య అంచనాలు కలిపి, విడివిడి లెక్కల కంటే కలిపినది మెరుగని చూపారు. 2004లో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్, కుజాన్, జోన్స్ అనే పరిశోధకులు ‘పాలీవోట్’ పేరుతో దాన్ని ఎన్నికలకు తెచ్చారు. వాళ్ల కిటుకు ఇది: ముందు సర్వేల సగటు సర్వేలకే, నిపుణుల సగటు నిపుణులకే, పందెం మార్కెట్ (ఎవరు గెలుస్తారని జనం డబ్బు కాసే చోటు) లెక్క దానికే. ఆ తర్వాతే పద్ధతులన్నిటికీ సమాన విలువ ఇచ్చి కలుపుతారు. సర్వేలు ఇరవై ఉన్నా వాటి బరువు ఒక పద్ధతి బరువే.

తర్వాత ‘మీ ఓటు ఎవరికి’ అని కాకుండా ‘ఎవరు గెలుస్తారనుకుంటున్నారు’ అని జనాన్ని అడగడం కూడా చేర్చారు. మన జిల్లాలకు ఇదే ముఖ్యమని నా నమ్మకం. ఉద్దానంలో సర్వే మనిషి వెళ్లేసరికి ఇంట్లో ముసలివాళ్లే ఉంటారు, పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటారు. వాళ్లలో ఓటుకి బస్సెక్కేదెవరో వీధి అరుగు మీద కూర్చున్నవాళ్లకి తెలుసు.

2024 జూన్ 1 ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్డీయేకి లోక్‌సభ సీట్లు 350 దాటించాయి. వచ్చినవి 293. అన్నీ ఒకే వైపు తప్పినప్పుడు సగటు ఆ తప్పునే గట్టిగా చెబుతుంది. ఓట్ల శాతం దగ్గరగానే పట్టుకున్నామని, సీట్లుగా మార్చడంలోనే తేడా వచ్చిందని సర్వేలవాళ్లు అంటారు. అది కొట్టిపారేసే మాట కాదు. రాష్ట్రంలో సుమారు 39 శాతం ఓట్లకి 2019లో తెలుగుదేశానికి 23 అసెంబ్లీ సీట్లొస్తే, 2024లో అంతే శాతానికి వైఎస్సార్‌సీపీకి 11 వచ్చాయి. ఎదుటివాళ్ల పొత్తు చేసిన తేడా అది.

పద్ధతులు కలిపినా భరోసా లేదు. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో దేశం మొత్తం మీద క్లింటన్‌కి ఓట్లు ఎక్కువని పాలీవోట్ అన్నది నిజమైంది, పదవి మాత్రం ట్రంప్‌కి పోయింది. కానీ ఇప్పుడు ఇక్కడ తిరుగుతున్న లెక్కల్లో ఆ కలపడమే లేదు. నియోజకవర్గాల పాత ఫలితాలు లేవు, ఊళ్లవాళ్ల అంచనా లేదు, అభ్యర్థి ఎవరన్నది లేదు. ఆ అంకె పంపినవాళ్లని ముందుగా అడగాల్సింది ఇందులో సర్వే కానిది ఏముందని.