ఆకు చావకుండా హార్మోన్ కొలవడానికి వందేళ్లు

మిట్టమధ్యాహ్నం మిరప చేలో ఆకులు వాలిపోతే రైతు కంగారుపడడు. పొద్దు వాలాక లేస్తాయని తెలుసు. మర్నాడు తెల్లవారేసరికి కూడా తలెత్తకపోతే అప్పుడంటాడు, చేను బెట్టకొచ్చిందని. అంతకంటే ముందు కంటికి తెలియదు. ఆకు లోపల మాత్రం అప్పటికే చాలా జరిగిపోయి ఉంటుంది. నీరు తగ్గగానే కణాలు అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ తయారుచేస్తాయి. అది పత్రరంధ్రాల రక్షక కణాలను చేరగానే అవి పొటాషియం అయాన్లను, వాటి వెంటే నీటిని వదిలేసి మెత్తబడతాయి. రంధ్రం మూసుకుంటుంది. నీరు మిగులుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడం కూడా తగ్గుతుంది. దిగుబడికి గండి అక్కడే పడుతుంది.

చెప్పడానికి నాలుగు ముక్కలే. బతికున్న ఆకులో ఇదంతా జరుగుతుండగా చూడటానికి మాత్రం శాస్త్రవేత్తలకు తరాలు పట్టింది. బతికున్న ఆకులోనే ఈ రసాయనాలను పసిగట్టే, ఇప్పుడు వినబడుతున్న అతి సూక్ష్మమైన నానో సెన్సర్ల విలువ తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. మొలక కొనకు తొడుగు వేస్తే అది వెలుతురు వైపు వంగలేదు. కొన నుంచి ఏదో కబురు కిందికి దిగుతోందని వాళ్లు ఊహించారు. ఆ కబురును మొదటిసారి చేతికి చిక్కించుకున్నవాడు డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్, 1926లో. ఓట్ మొలకల కొనలు కోసి, అగర్ అనే జెల్లీ ముక్కల మీద పెట్టాడు. తర్వాత ఆ అగర్ ముక్కను కొన తీసేసిన మొలక మీద ఒక పక్కకు ఉంచితే, మొలక రెండో పక్కకు వంగింది. చీకటి గదిలో ఎర్ర వెలుతురు కింద ఆ వంపును డిగ్రీల్లో కొలిచేవారు. ఆ కబురు మోసే హార్మోన్ పేరే ఆక్సిన్. ఎంత వంగితే అంత ఆక్సిన్. అంటే హార్మోన్‌కు మొదటి కొలబద్ద కూడా మొక్కే! నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఆక్సిన్ అసలు పదార్థమైన ఇండోల్ అసిటిక్ ఆమ్లాన్ని 1934లో మనిషి మూత్రం నుంచి వేరుచేశారు. మొక్కలో దాని పాళ్లు అంత తక్కువ.

ఆ తక్కువే తర్వాతి ఇబ్బందులన్నిటికీ మూలం. గ్రాము ఆకులో నానోగ్రాముల లెక్కన ఉండే పదార్థాన్ని పట్టాలంటే ఆకును చంపక తప్పలేదు. పద్ధతి ఇదీ: ఆకును కోసి వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో వేస్తారు. క్షణంలో అది గాజు పలుకులా పెళుసైపోతుంది. చల్లటి కల్వంలో నూరితే లేత ఆకుపచ్చ పొడి. ఆ పొడి కరిగేలోపు ద్రావకంలో కలపాలి, ఆలస్యమైతే ఎంజైములు లేచి లెక్క తారుమారు చేస్తాయి. ఆపైన వడపోత, శుద్ధి, చివరికి అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్. వచ్చే అంకె చాలా కచ్చితం. కానీ అది ఆకు మొత్తానికి సగటు, అదీ కోసిన ఆ ఒక్క క్షణానిదే. మరో పది నిమిషాల తర్వాత సంగతి తెలియాలంటే మరో ఆకు, మరో మొక్క కోయాలి. ఎథిలీన్ అనే ఒక్క హార్మోన్‌కే ఈ బాధ లేదు. అది వాయువు కాబట్టి మొక్కను సీసాలో మూసి, అందులోని గాలిని కొలిస్తే సరిపోతుంది.

అబ్సిసిక్ ఆమ్లం కథ చూడండి. 1960ల తొలినాళ్లలో దాన్ని పత్తి కాయలు రాలడం మీద, చెట్ల మొగ్గల నిద్రావస్థ మీద పనిచేస్తున్న రెండు బృందాలు వేర్వేరుగా కనుక్కున్నాయి. నీటి ఎద్దడితో దాని ముడి బయటపడింది 1969లో. గోధుమ ఆకులు వాడిపోతే అది ఎన్నో రెట్లు పెరుగుతుందని బ్రిటన్‌లో రైట్, హైరన్ చూపించారు. అవి మొక్క నుంచి తెంపిన ఆకులని గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత పెద్ద చర్చ నడిచింది. నేల ఎండుతోందని మొదట తెలిసేది వేరుకే గనుక, ఈ హార్మోన్‌ను వేరు తానే తయారుచేసి ఆకుకు పంపుతుందని చాలాకాలం గట్టిగా నమ్మారు. 2002లో అంటుకట్టిన టమాటా మొక్కలతో చేసిన ప్రయోగం దాన్ని కదిలించింది. ఈ హార్మోన్ సరిగా చేయలేని వేరు మీద మామూలు కొమ్మను అంటుకట్టినా, నేల ఎండగానే ఆకు తన రంధ్రాలు మూసుకుంది. 2018లో జపాన్ శాస్త్రవేత్తలు వేరు నుంచి ఆకుకు వెళ్లే ఒక చిన్న పెప్టైడ్‌ను, అంటే ప్రోటీన్ తునకను పట్టుకున్నారు. అది చేరాక ఆకే హార్మోన్ తయారుచేస్తుందట. ఎక్కడ పుట్టింది, ఎప్పుడు కదిలింది అన్న ప్రశ్న ఇన్నేళ్లు సాగడానికి, దాన్ని దారిలో చూసే సాధనం లేకపోవడం పెద్ద కారణమని నా అభిప్రాయం.

బతికున్న మొక్కనే పరికరానికి తగిలించాలన్న పట్టుదల మన దేశానికి కొత్త కాదు. జగదీశ్ చంద్ర బోస్ ఇరవయ్యో శతాబ్దపు మొదట్లోనే మొక్కల విద్యుత్ స్పందనలను, కంటికి ఆనని ఎదుగుదలను నమోదు చేశాడు. ఆయన పరికరాలకు అందనిది రసాయనం.

ఆ రసాయనం 2014లో కంటికి దొరికింది. ఆ ఏడాది రెండు బృందాలు విడివిడిగా, అబ్సిసిక్ ఆమ్లం తగలగానే మెరుపు రంగు మారే ప్రోటీన్లను మొక్క జన్యువుల్లో చేర్చాయి. సూక్ష్మదర్శిని కింద ఒక్కో కణంలో హార్మోన్ పెరగడం, తరగడం కనబడింది. ఇబ్బందులూ ఉన్నాయి. ప్రయోగం చేసింది ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద. ప్రతి పంటకూ జన్యుమార్పిడి చేస్తూ కూర్చోలేం. పైగా సెన్సర్ హార్మోన్‌ను పట్టుకోవడంతో మొక్క స్పందనే కొంత మారింది.

జన్యువుల జోలికి పోని దారి కార్బన్ నానోట్యూబులది. అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ స్ట్రానో బృందం, సింగపూర్ పరిశోధకులతో కలిసి దీన్ని ముందుకు తీసుకెళ్లింది. సుమారు నానోమీటరు మందం ఉండే కార్బన్ గొట్టానికి, పొడవాటి గొలుసులాంటి అణువైన పాలిమర్ చుడతారు. ఆ చుట్టలో ఏర్పడే సందు ఫలానా అణువుకే సరిపడేలా ఎంచుకుంటారు. ఆ అణువు వచ్చి కూర్చుంటే గొట్టం వెలువరించే కాంతి మారుతుంది. ఆ కాంతి పత్రహరితం మెరుపు అడ్డురాని పరారుణ ప్రాంతంలో ఉంటుంది కాబట్టి కెమెరాకు విడిగా చిక్కుతుంది. మొక్కలోకి ఎక్కించడం తేలిక. సూది లేని సిరంజిని ఆకు అడుగున ఆనించి మెల్లగా నొక్కితే, ద్రావణం పత్రరంధ్రాల గుండా లోపలికి దిగుతుంది. అక్కడ ఆకు తడిసినట్టు ముదురు రంగు తిరుగుతుంది. కాసేపటికి మామూలవుతుంది.

2024లో ఈ బృందం పాక్ చోయ్ అనే ఆకుకూర మీద రెండు సెన్సర్లు కలిపి వాడింది. ఒకటి కష్టమొచ్చినప్పుడు మొక్కలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు, రెండోది శాలిసిలిక్ ఆమ్లం అనే రక్షణ హార్మోన్‌కు. వేడి, తీవ్రమైన వెలుతురు, బ్యాక్టీరియా, పురుగు కొరికినట్టు చేసిన గాయం అని నాలుగు కష్టాలు పెట్టారు. పెరాక్సైడ్ అన్నిటికీ నిమిషాల్లోనే లేచింది. కానీ ఒక్కో కష్టానికి ఒక్కో తీరు. శాలిసిలిక్ ఆమ్లం మొదటి మూడింటికి రెండు గంటల్లోపే, వేర్వేరు సమయాల్లో వచ్చింది. గాయానికి రానే లేదు. నూరిన ఆకులో ఈ వరుసక్రమం ఇంత సాఫీగా కనబడేది కాదు. మొక్కకు కష్టమొచ్చిందని చెప్పడంతో ఆగకుండా, ఏ కష్టమో చెప్పగల ఆధారం ఇందులో ఉంది.

మన రైతుకు హార్మోన్లు కొత్తేమీ కాదు, అవి సీసాల్లో ఇంటికే వస్తాయి. పూత రాలకుండా కొట్టే ప్లానోఫిక్స్‌లో ఉండేది నాఫ్తలీన్ అసిటిక్ ఆమ్లం, అంటే కృత్రిమ ఆక్సిన్. కలుపు మందు 2,4-డీ కూడా ఆక్సిన్‌ను పోలిన రసాయనమే. ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లో తెలుసు గానీ ఆకులో ఎంత చేరిందో, ఎంతసేపు నిలిచిందో పొలంలో ఎవరూ చూడలేదు. ఈ రెండిటికీ నానో సెన్సర్లు 2021లోనే వచ్చాయి. పరీక్షించిన మొక్కల్లో వరి కూడా ఉంది.

ఇవి ఇంకా పరిశోధనశాల దాటలేదు. వెలిగించడానికి లేజర్, చూడటానికి ఖరీదైన పరారుణ కెమెరా కావాలి. తినే ఆకులో నానోట్యూబులు పెట్టలేం. అందుకే పొలం మొత్తానికి కాకుండా, కొన్ని మొక్కలకే సెన్సర్లు పెట్టి వాటిని కాపలాగా వాడాలన్నది పరిశోధకుల ఆలోచన. అనంతపురం వేరుశనగకు ఊడలు దిగే రోజుల్లో బెట్ట తగిలితే కాయ కట్టదు. అక్కడ నాలుగు కాపలా మొక్కలు ఉంటే, ఆకు వాలకముందే ఒక తడి ఇవ్వాలో లేదో తెలుస్తుంది. తడి ఇవ్వడానికి బోరులో నీళ్లుంటేనే అనుకోండి.