రోహిణి కార్తెలో కొలంబియా ఆకు

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు ఫొటో పంపారు. పడమటి కిటికీ దగ్గర పెట్టిన క్వీన్ అంథూరియం మొక్క. మూరెడు పొడవున కిందికి వేలాడే ఆకు, ముదురు ఆకుపచ్చ మఖమలు మీద తెల్లటి ఈనెలు. అంచు మాత్రం చుట్టూ కాఫీ రంగుకు తిరిగి, పట్టుకుంటే పొడి అయ్యేలా ఉంది. "రోజుకు ఐదారుసార్లు స్ప్రే కొడుతున్నానండీ. కుండీ కూడా తడిగానే ఉంది. చుట్టాలొచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఇలా అయింది, దిష్టి తగిలిందని మా అత్తయ్య అంటున్నారు" అని రాశారు.

చుట్టాలు వచ్చేది వేసవి సెలవుల్లో. ఈ మొక్క ఆకు మాడేదీ ఆ రోజుల్లోనే. రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణమనిపిస్తుంది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడవడం వల్ల మొక్కకు నష్టమేమీ లేదు. కానీ అక్కడితో ఆగిపోతే అసలు కారణం వెతకం. నాకు బాధ కలిగించేది అదే.

ఈ మొక్క సొంత ఊరు కొలంబియా. అక్కడి పడమటి కొండల వానాడవుల్లో చెట్ల మొదళ్ళను కరుచుకుని పెరుగుతుంది. ఆ వైపున్న కిబ్డో పట్నంలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. నెల్లూరులో వెయ్యి మిల్లీమీటర్ల చిల్లర. అందులోనూ సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడిపోతుంది. కుండీలో మట్టి వద్దు, కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు, బెరడు కలిపి వేర్లకు గాలి ఆడేలా పెట్టాలి. ఈ సంగతి మొక్కల వాళ్ళందరూ చెప్పేదే కాబట్టి దాన్ని వదిలేస్తాను. ఎవరూ చెప్పనిది, నన్ను ఎప్పటికీ విడిచిపెట్టనిది గాలి సంగతి.

మిద్దె మీద తడి దుప్పటి ఆరేయండి. రోహిణి కార్తెలో అరగంటకల్లా గలగలలాడుతుంది. కార్తీక మాసంలో ముసురు పట్టినప్పుడు అదే దుప్పటి రెండు రోజులైనా ఆరదు, వాసన కొడుతుంది. దుప్పటి మారలేదు, మిద్దె మారలేదు. మారింది ఆవిరి లోటు. అంటే ఆ వేడి దగ్గర గాలి గరిష్ఠంగా ఎంత ఆవిరిని పట్టగలదో, ఇప్పుడు అందులో ఎంత ఉందో, ఈ రెంటికీ మధ్య తేడా. ఆవిరిని అది కలిగించే ఒత్తిడిని (పీడనాన్ని) బట్టి లెక్కిస్తారు కాబట్టి దీన్ని కిలో పాస్కల్స్‌లో కొలుస్తారు.

ఇక్కడే అందరినీ మోసం చేసే లెక్క ఒకటుంది. 20 డిగ్రీల దగ్గర గాలి పట్టగల ఆవిరి పీడనం సుమారు 2.3 కిలో పాస్కల్స్. 30 డిగ్రీలకు 4.2. 40 డిగ్రీలకు 7.4. డిగ్రీల అంకె 20 నుంచి 40కి పెరిగితే ఇది మూడు రెట్లు దాటిపోయింది! అందుకే హైగ్రోమీటర్‌లో కనిపించే తేమ శాతం (గాలి పట్టగలిగినదాంట్లో నూటికి ఎంత ఆవిరి ఉందో చెప్పే అంకె) ఒక్కదాన్నే చూసి ధైర్యపడకూడదు. 20 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉంటే లోటు 0.9 మాత్రమే. 38 డిగ్రీల దగ్గర అదే 60 శాతానికి లోటు 2.6 దాటుతుంది. మీటరు చూపించే అంకె ఒకటే, ఆకు మీద పడే భారం దాదాపు మూడింతలు.

ఇప్పుడు మన ఒంగోలు, నెల్లూరు వైపు లెక్క వేసి చూడండి. మే నెలాఖరున వెలిగొండలు దాటి పడమటి గాలి కిందికి దిగుతుంది. దిగేకొద్దీ నొక్కుకుపోయి ఇంకా వేడెక్కుతుంది. 42 డిగ్రీలు, 30 శాతం తేమ అనుకుందాం. లోటు 5.7. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగి 34 డిగ్రీలు, 65 శాతానికి వచ్చిందంటే లోటు 1.9కి పడిపోతుంది. ఒళ్ళు జిడ్డుగా అయి మనం విసుక్కునే ఆ సమయంలోనే మొక్క తేరుకుంటుంది. పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలిని లోపలికి రానివ్వని రోజులే దానికి గండం. నవంబరు ముసురులో 27 డిగ్రీలు, 85 శాతం ఉంటే లోటు 0.5. ఆ నెలలో క్వీన్ అంథూరియం కొలంబియాలో ఉన్నట్టే ఉంటుంది.

దుప్పటికీ ఆకుకీ ఒక తేడా ఉంది. ఆకు లోపలి గాలి ఎప్పుడూ ఆవిరితో నిండుగా ఉంటుంది, అదీ ఆకు వేడి దగ్గర. కాబట్టి అసలు లోటు ఆకు లోపలికీ బయటి గాలికీ మధ్య తేడా. 40 డిగ్రీల గాలిలో 40 శాతం తేమ ఉందనుకోండి. ఆకు కూడా 40 డిగ్రీలే ఉంటే లోటు 4.4. కిటికీ ఎండ తగిలి ఆకు 44కు చేరితే 6.1. నాలుగు డిగ్రీలకే ఇంత! ఆ తాకిడికి తట్టుకోలేక, ఆవిరి బయటికి పోయే సన్నటి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. మూసుకుంటే ఆవిరి ఆగుతుంది, ఆవిరితో పాటు ఆకును చల్లబరిచే పనీ ఆగుతుంది. ఆకు ఇంకా వేడెక్కుతుంది, లోటు ఇంకా పెరుగుతుంది. ఈ సుడిలో వేరు దగ్గర నీళ్ళున్నా చివరిదాకా చేరవు. ఆకులోని ఈనెలకు చిట్టచివర ఉన్నది అంచు కాబట్టి ముందు అదే మాడుతుంది. పైగా నీరు ఆవిరైపోగా అందులోని లవణాలు అక్కడే పేరుకుంటాయి. మన బోరు నీళ్ళలో ఉప్పుకు కొదవ లేదు, కనిగిరి వైపు ఫ్లోరైడ్ కూడా తోడు. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు, పట్టి ఉంచుకున్న వాన నీళ్ళు ఈ మొక్కకు చాలా మేలు.

ఇంకో చిక్కు. ఈ మధ్య అమ్మే అంథూరియంలు చాలావరకు టిష్యూ కల్చర్‌వి, అంటే మొక్క చిన్న ముక్క నుంచి ప్రయోగశాలలో పెంచినవి. సీసాలో నిండు తేమలో పెరిగిన ఆకుల మీద మైనం పొర పలచగా ఉంటుంది, పత్రరంధ్రాలకు సరిగా మూసుకోవడం కూడా రాదు. అలాంటి ఆకు అచ్చం దుప్పటే. బయటి గాలిలో వేసిన కొత్త ఆకులే దానికి రక్ష.

స్ప్రే ఎందుకు పనిచేయదంటారా? పన్నెండు అడుగుల గదిలో సుమారు 45 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 42 డిగ్రీల వేడి అలాగే ఉంటే, తేమను 30 నుంచి 60 శాతానికి ఎత్తడానికి ముప్పావు లీటరు నీళ్ళు ఆవిరి కావాలి. తలుపూ కిటికీ తెరిచి ఉంటే ఆ గాలి పోయి కొత్త పొడి గాలి వస్తూనే ఉంటుంది. నాలుగు పిచికారీలకు ఏమవుతుంది? ఆరిన దుప్పటి మీద నాలుగు చుక్కలు చల్లినట్టు. మఖమలు ఆకు మీద ఉప్పు మరకలు మిగలడం అదనం.

చేయవలసింది గాలిని చల్లబరచడం. వట్టివేళ్ళ తడికెలకు నీళ్ళు కొట్టి కిటికీలకు కట్టుకున్న పాతకాలం వాళ్ళకు ఈ కిటుకు తెలుసు. ఎయిర్ కూలర్ చేసేదీ అదే. 42 డిగ్రీలు, 30 శాతం గాలిని తడి పలకల గుండా లాగి 30 డిగ్రీలకు దించితే తేమ 75 శాతం దాటుతుంది. లోటు 5.7 నుంచి ఒకటి దగ్గరకు వస్తుంది. నీళ్ళు ఆవిరైనందుకు తేమ పెరిగింది, వేడి తగ్గినందుకు గాలి పట్టగల మొత్తమూ తగ్గింది. రెండు వైపులా లాభమే! పడమటి గాలి ఎంత పొడిగా ఉంటే కూలర్ అంత బాగా పనిచేస్తుంది. ఏసీ గది కూడా ఫరవాలేదు. 24 డిగ్రీలు, 50 శాతం అంటే లోటు 1.5, బయటి 5.7 కంటే ఎంతో నయం. ఏసీ గాలి సూటిగా తగలకుండా చూసుకోండి.

లోటు సున్నాకు దగ్గరగా ఉండటమూ మంచిది కాదు. మొక్కను రోజుల తరబడి పాలిథిన్ కవరులో బిగిస్తే నీళ్ళు పైకి కదలవు. నీళ్ళతోనే ప్రయాణించే కాల్షియం లేత ఆకుకు అందదు, బూజూ పడుతుంది. మొక్కకు కవరు కట్టి నీటి చుక్కలు చూపించే బాష్పోత్సేక ప్రయోగం బడిలో అందరం బొమ్మ వేసినవాళ్ళమే. అదే ప్రయోగాన్ని కవరు లేకుండా మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి చేయించి, కొమ్మను ముందూ తర్వాతా తూకం వేయిస్తే ఎంత బాగుంటుందో! పిల్లలకు ఆవిరి లోటు నిర్వచనం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఒంగోలు పాఠకురాలికి నా సలహా ఇది. మాడిన అంచు మళ్ళీ పచ్చబడదు, అయినా ఆకును కోయకండి, మిగిలిన భాగం ఇంకా ఆహారం తయారుచేస్తోంది. పడమటి కిటికీ నుంచి మొక్కను తీసి, కూలర్ గాలి నేరుగా తగలకుండా పక్కన, పరోక్ష వెలుతురు పడే చోట పెట్టండి. స్ప్రే మానేయండి. తెల్లవారి ఆకు కొసన నీటి బొట్టు కనిపిస్తే వేర్లు బాగున్నట్టే. కొత్త ఆకు విచ్చుకునే వారాల్లో లోటు ఎక్కువైతే అది సగంలోనే బిగుసుకుంటుంది, కాబట్టి అప్పుడే ఎక్కువ కాచుకోండి. రెండో మొక్క కొనాలనిపిస్తే అక్టోబరు దాకా ఆగండి. మన జిల్లాల్లో దానికి నాలుగైదు నెలలు మంచి గాలి దొరుకుతుంది, ఎండలు ముదిరేలోగా రెండు మూడు గట్టి ఆకులు వేసుకుంటుంది.