సాలీడు కంటిలో ఫ్లాష్ ప్రతిబింబం

తోటలో వల మధ్య కూర్చున్న సాలీడును దగ్గరగా ఫొటో తీస్తే దాని కళ్ళ మీదా పొట్ట మీదా తెల్లటి చుక్కలు పడి, ఆ చోట రంగు గానీ నూగు గానీ కనిపించకుండా పోతున్నాయనీ, మరింత శక్తిమంతమైన ఫ్లాష్ కొంటే ఈ లోపం తీరుతుందా అనీ ఒక పాఠకుడు అడిగారు. తీరదు. ఫ్లాష్ శక్తిని ఎంత పెంచినా, ఎంత తగ్గించినా ఆ చుక్క వెలుగుకూ దాని చుట్టూ ఉన్న ఒంటి వెలుగుకూ మధ్య నిష్పత్తి మారదు. మారవలసింది సాలీడున్న చోటి నుంచి చూస్తే ఆ ఫ్లాష్ ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నది. దానికి కాగితం, అట్ట, టేపు సరిపోతాయి.

అసలు ఫ్లాష్ ఎందుకన్నది క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. సెన్సర్ మీద ప్రతిబింబం సాలీడు అసలు పరిమాణంలోనే పడేటట్టు తీసినప్పుడు, లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రాన్ని (అపెర్చర్‌ను) బాగా చిన్నది చేసే ఎఫ్ 11 వద్ద కూడా స్పష్టంగా కనిపించే లోతు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. పైగా అంత దగ్గరగా ఫోకస్ చేసినప్పుడు ఎఫ్ 11 వెలుగు లెక్కలో ఎఫ్ 22తో సమానమై, సెన్సర్‌కు అందే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. గాలికి వల సెకనుకు 5 సెంటీమీటర్ల వేగంతో ఊగుతోందనుకుంటే, సెకనులో 250వ వంతు సమయంలో సాలీడు 0.2 మిల్లీమీటర్లు కదిలిపోతుంది. తక్కువ శక్తితో వెలిగే ఫ్లాష్ మెరుపు సెకనులో 20,000వ వంతులో ముగిస్తే ఆ కదలిక 0.0025 మిల్లీమీటర్లకు తగ్గి, సెన్సర్‌లోని ఒక పిక్సెల్ వెడల్పును కూడా దాటదు.

ఇక అసలు విషయం. సాలీడుకు రెప్పలు లేవు. చాలా జాతులకు ఉండే ఎనిమిది కళ్ళలో ప్రతి ఒక్కటీ నునుపైన పారదర్శక కటకం కప్పుకొని ఉంటుంది, ఆ కటకం బయటి ముఖం ఒక చిన్న కుంభాకార దర్పణం. కుంభాకార దర్పణంలో ప్రతిబింబం నిటారుగా, చిన్నదిగా, మిథ్యగా ఏర్పడుతుందనీ, నాభ్యంతరం వక్రతా వ్యాసార్ధంలో సగమనీ బడిలో అందరం రాసినవాళ్ళమే. ఆ పాఠం చెప్పేటప్పుడు వాహనాల పక్క అద్దాన్ని చూపించి ఊరుకోవడం నాకు చాలా లోటుగా అనిపిస్తుంది. పక్కన కూర్చున్న పిల్లవాడి కంటిలో కిటికీ ప్రతిబింబాన్ని చూపిస్తే ఆ సూత్రం జన్మలో మరవరు. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న సాలీడు కన్ను నాభ్యంతరం పావు మిల్లీమీటరు. 20 సెంటీమీటర్ల దూరంలో 7 సెంటీమీటర్ల వెడల్పున్న ఫ్లాష్ ముఖం ఆ కంటిలో 0.09 మిల్లీమీటర్ల చుక్కగా కుదించుకుపోతుంది. పాఠకుడిని బాధించిన చుక్క అదే.

ఆ చుక్క అంతగా ఎందుకు మండిపోతుందో లెక్క వేసి చూద్దాం. సాలీడు పైపొరలోని కైటిన్ వక్రీభవన గుణకం సుమారు 1.56. కాబట్టి నిటారుగా పడిన కాంతిలో దాదాపు 5 శాతం లోపలికి వెళ్ళకుండా ఉపరితలం నుంచే అద్దంలో లాగా తిరిగి వస్తుంది. అంటే చుక్క ప్రకాశం ఫ్లాష్ ముఖం ప్రకాశంలో 0.05 వంతు, ఫ్లాష్ చిన్నదైనా పెద్దదైనా ఈ వంతు ఇంతే. ఒంటి రంగు కనిపించే తీరు వేరు. మిగిలిన కాంతి లోపలికి వెళ్ళి, చెదిరి, అన్ని దిక్కులకూ వెలువడుతుంది. ఆ చెదిరిన వెలుగు ఫ్లాష్ ముఖం సాలీడు చుట్టూ ఎంత ఘన కోణాన్ని, అంటే సాలీడున్న చోటి నుంచి చూస్తే ఎంత మేరను, ఆక్రమించిందన్న దాని మీద ఆధారపడుతుంది. 7×4 సెంటీమీటర్ల ఫ్లాష్ ముఖం 20 సెంటీమీటర్ల దూరం నుంచి ఆక్రమించేది 0.07 స్టెరేడియన్లు (ఘన కోణానికి కొలమానం). 20 శాతం కాంతిని చెదరగొట్టే ఒంటి ప్రకాశం 0.2×0.07÷3.14, అంటే ఫ్లాష్ ప్రకాశంలో 0.0045 వంతు. దాని పక్కన 0.05 వంతు ప్రకాశంతో నిలిచిన చుక్క పదకొండు రెట్లు ఎక్కువగా వెలుగుతుంది. ఇప్పుడు ఫ్లాష్ ముందు 20×15 సెంటీమీటర్ల పలచటి తెల్ల కాగితం పెట్టి, దాన్ని సాలీడుకు 10 సెంటీమీటర్ల దగ్గరకు తెద్దాం. ఘన కోణం 1.75 స్టెరేడియన్లకు పెరుగుతుంది. అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలకు తరుగు తీసేసినా 1.5 మిగులుతుంది. ఒంటి ప్రకాశం ఇప్పుడు కాగితం ప్రకాశంలో 0.095 వంతు. మెరుపు వంతు అదే 0.05. పదకొండు రెట్లున్న మెరుపు ఒంటి వెలుగులో దాదాపు సగానికి దిగి, ఎర్రటి ఒంటి మీద ఎరుపును కప్పేయకుండా పలచగా పరుచుకుంటుంది. ఈ లెక్కలో ఫ్లాష్ శక్తి ఎక్కడా రాలేదని గమనించండి.

అదే కాగితాన్ని 20 సెంటీమీటర్ల దూరానికి జరిపితే ఘన కోణం 0.63కు పడిపోతుంది. ఇలా ఫ్లాష్ కాంతిని చెదరగొట్టి పరిచే డిఫ్యూజర్ తయారీలో చాలామంది కాగితం నాణ్యత గురించి ఆలోచిస్తారు, నా ఉద్దేశంలో దూరమే ముఖ్యం. రెండో సంగతి, కాగితం వెడల్పుగా ఉన్నంత మాత్రాన కాంతిజనకం వెడల్పైనట్టు కాదు. ఫ్లాష్‌కు అంటించినట్టు పెట్టిన కాగితంలో నడుమ భాగమే వెలిగి అంచులు మసకగా ఉంటాయి. కంటిలో ప్రతిబింబించేది ఆ నడుమ భాగమే. అందుకే అట్టతో ముందుకు విచ్చుకునే గొట్టం చేసి, లోపల అల్యూమినియం రేకు అంటించి, ట్రేసింగ్ కాగితాన్ని రెండు పొరలుగా, మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ వదిలి అమర్చాలి. మొదటి పొర కాంతిని చెదరగొడుతుంది, ఖాళీలో అది విస్తరిస్తుంది, రెండో పొర సమంగా వెలుగుతుంది. పరీక్షకు సాలీడు అక్కర్లేదు, ఒక ఉక్కు గుండును ఫొటో తీస్తే అందులో డిఫ్యూజర్ మొత్తం కనిపిస్తుంది. నడుమ మండే మచ్చ ఉంటే అక్కడ ఇంకో చిన్న కాగితం ముక్క అతికించాలి.

తలకిందులుగా వేలాడుతూ కాళ్ళను జతలుగా చాపి కూర్చునే అర్జియోపి సాలీళ్ళ దగ్గర ఈ శ్రమకు పూర్తి ఫలితం కనిపిస్తుంది. వాటి తల భాగం మీద వెండి రంగు నూగు ఉంటుంది. సాలీళ్ళ ఒంటి మీది తెలుపుకు చర్మం కిందనున్న గ్వానిన్ స్ఫటికాలు కారణం. ఈ రెండూ డిఫ్యూజర్ లేని ఫ్లాష్‌కు సున్నం పూసినట్టు అయిపోతాయి. గెంతే సాలీడు ముందరి జత కళ్ళు పెద్దవి కనుక వాటిలో డిఫ్యూజర్ ఆకారం, టేపు అతుకులతో సహా, చదవగలిగినంత స్పష్టంగా పడుతుంది. నేల మీద వేటాడే వుల్ఫ్ సాలీడు కళ్ళు మాత్రం ఈ లెక్కకు లొంగవు. వాటి వెనుక వరుసల కళ్ళలో కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే పొర ఉంది, ఆ మెరుపు పోవాలంటే ఫ్లాష్‌ను లెన్స్ అక్షానికి దూరంగా జరపాలి. సాలీడు తాకితేనే ఒళ్ళు పొక్కుతుందన్న భయంతో పది సెంటీమీటర్ల దగ్గరకు వెళ్ళడానికి జంకేవారు ఉన్నారు. తోటలో వల అల్లే సాలీడు మనిషిని వెదికి కరవదు. మన ఊపిరికి వల కదిలితే దారం పట్టుకొని కిందికి జారిపోవడమే దాని పద్ధతి, కనుక షట్టర్ నొక్కేదాకా ఊపిరి బిగపట్టాలి.

డిఫ్యూజర్‌ను సాలీడు చుట్టూ పూర్తిగా కప్పడం కూడా మంచిది కాదు. అన్ని వైపుల నుంచీ సమంగా వెలుగు పడితే నీడలు పోయి నూగు ఎత్తుపల్లాలు తెలియవు, అందువల్ల పైనుంచీ ముందునుంచీ వెలుగిచ్చి కింది వైపు వదిలేయాలి. మెత్తని వెలుగులో నష్టపోయేది వల దారం. అది కనిపించేదే అద్దపు మెరుపు వల్ల కనుక, దాని వెనుక ముదురు ఆకులు ఉండేటట్టు చూసుకోవాలి. దారం మందం కొన్ని మైక్రోమీటర్లు మాత్రమే. ఎఫ్ 22తో సమానమైన అపెర్చర్‌లో వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్ళిన కాంతి పక్కలకు పరుచుకోవడం) వల్ల ఒక బిందువే 30 మైక్రోమీటర్ల చక్రంగా పరుచుకుంటుంది, కాబట్టి ఫొటోలో కనిపించే దారం వెడల్పు సాలీడు వడికిన పట్టుది కాదు, వివర్తనం వల్ల ఏర్పడిన మసకది.