పెరిగిన భూమి ధర ఎవరిది?

ఇంగ్లండ్‌లో కొత్త పట్టణాల గొడవ మళ్లీ రాజుకుంది. 15 లక్షల ఇళ్లు కట్టిస్తామన్న లేబర్ ప్రభుత్వం ఒక నిపుణుల బృందాన్ని వేసింది. ఆ బృందం 2025 సెప్టెంబరులో 12 చోట్లు చూపించింది. ఒక్కో చోట కనీసం 10 వేల ఇళ్లు. మొక్కల నర్సరీలకు పేరున్న లండన్ శివారు క్రూస్ హిల్ అందులో ఉంది. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని టెంప్స్‌ఫర్డ్ అనే చిన్న పల్లె కూడా ఉంది. పచ్చని పొలాలు పోతాయన్న బాధే ఎక్కువగా వినబడుతోంది. ఆ బాధ నిజమైనదే. కానీ ఆ పొలాలను ఏ రేటుకు కొనాలన్న తగాదా దానికన్నా పాతది, దానికన్నా పెద్దది.

ఈ కొత్త పట్టణాలకు మూలం గార్డెన్ సిటీ. ఆ మాట అనగానే విశాలమైన రోడ్లు, ఇంటింటికీ తోట, ఊరి చుట్టూ పొలాలు గుర్తొస్తాయి. దాన్ని ప్రతిపాదించిన ఎబెనెజర్ హోవర్డ్ ఆలోచనకు ప్రాణం మాత్రం ఆయన వేసిన లెక్కల్లో ఉంది. ఊరికి కావలసిన భూమినంతా ముందే పొలం రేటుకు కొనాలి. అమ్మకూడదు, లీజుకే ఇవ్వాలి. జనం వచ్చి స్థిరపడితే ధర పెరుగుతుంది. పెరిగింది జనం వల్లే కనక ఆ రాబడి ఊరి ఖర్చులకే పోవాలి. 1903లో మొదటి గార్డెన్ సిటీ లెచ్‌వర్త్ కోసం సుమారు 3,800 ఎకరాలు ఇలాగే కొన్నారు. ఎకరానికి 40 పౌండ్ల చిల్లర పడింది. ఆ భూమి కొన్న కంపెనీలో డబ్బు పెట్టినవాళ్లకు ఏటా 5 శాతానికి మించి పంచకూడదని నియమం.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత ప్రభుత్వమే ఈ దారి పట్టింది. 1946 చట్టం కింద, లెచ్‌వర్త్‌కు దగ్గరలోని స్టీవెనేజ్ మొదటి కొత్త పట్టణమైంది. అక్కడివాళ్లు మంత్రి లూయిస్ సిల్కిన్ మీద కోపంతో రైల్వే స్టేషన్ బోర్డు మీద, సోవియట్ ఊళ్ల పేర్లలా ‘సిల్కిన్‌గ్రాడ్’ అని ఎగతాళిగా రాసి పెట్టారు. 1947లో ఇంకో చట్టం వచ్చింది. భూమిలో కట్టుకునే హక్కు ఇకపై సమాజానిది, సేకరిస్తే ఇచ్చేది ప్రస్తుత వాడకం ధరే అని దాని సారాంశం.

ఈ పద్ధతి దెబ్బతిన్న తీరు మీద కొంచెం ఆగాలి. తరవాత వచ్చిన కన్సర్వేటివ్ ప్రభుత్వం కట్టుకునే అనుమతితో పెరిగే ధర మీద వేసే అభివృద్ధి పన్నును తీసేసింది. దాంతో ప్రైవేటు అమ్మకాలు మార్కెట్ రేటుకు నడిచాయి. ప్రభుత్వం సేకరిస్తే మాత్రం పాత రేటే ఉంచింది. ఒకే గట్టుకు అటూ ఇటూ రెండు ధరలయ్యాయి. రోమ్‌ఫర్డ్‌లో ఒకాయన అప్పు చేసి, తన ఇంటి పక్క ఖాళీ స్థలాన్ని 400 పౌండ్లకు కొన్నాడు. ఇళ్ల కోసం కౌన్సిల్ దాన్ని తీసుకుని 65 పౌండ్లు లెక్కకట్టింది. 1954లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. దేశమంతా అట్టుడికింది. ఎవరికైనా కడుపు తరుక్కుపోయే సంగతే.

ఆ కుటుంబానికి జరిగింది అన్యాయం. అలాంటివాళ్లు పెట్టిన సొమ్ము తిరిగి వచ్చేలా చట్టాన్ని సవరిస్తే సరిపోయేది. పార్లమెంటు అంతటితో ఆగలేదు. 1959లో మొత్తం పరిహారాన్నే మార్కెట్ రేటుకు మార్చింది, 1961 చట్టం దాన్ని స్థిరపరిచింది. ఇళ్లకు అనుమతి వస్తుందన్న ఆశతో పెరిగే ధరను కూడా లెక్కలో కలపాలి. దీన్నే హోప్ వాల్యూ అంటారు. చిన్న స్థలం ఉన్నవాడి కన్నీళ్ల మీద తెచ్చిన ఈ మార్పుతో ఎక్కువ బాగుపడింది వందల ఎకరాలున్న కుటుంబాలే. ఇంగ్లండ్‌లో ఆ తరం కొత్త పట్టణాల్లో చివరిదాన్ని 1970లో ప్రకటించారు.

లెచ్‌వర్త్‌కూ అవే రోజుల్లో గండం వచ్చింది. లాభం మీద పరిమితి పోవడంతో, 1960లో ఒక ప్రైవేటు కంపెనీ వాటాలు కొని ఊరి భూమిని చేజిక్కించుకుంది. ఊరివాళ్లు పోరాడి 1962లో పార్లమెంటు చేత ప్రత్యేక చట్టం చేయించుకుని దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. 1995 నుంచి ఒక ఫౌండేషన్ ఆ ఆస్తిని చూస్తోంది. వచ్చిన రాబడిని ఊరి కోసమే ఖర్చుపెడుతోంది.

రాజధాని మాట బయటికి రాగానే తుళ్లూరులో రేట్లు ఎలా లేచాయో మనకు తెలుసు. అమరావతిలో దీనికి ఇంకో జవాబు వెతికారు. పూలింగ్‌లో ఎకరా మెట్ట ఇచ్చిన రైతుకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. నీటి వసతి ఉన్న జరీబు భూమికైతే వాణిజ్య స్థలం 450 గజాలు. అంటే పెరిగే ధరలో రైతుకూ వాటా ఉంటుంది. ఇంగ్లండ్ చట్టంలో అలాంటి పంపకం లేదు.

2023లో చేసిన చట్టంతో హోప్ వాల్యూ పక్కన పెట్టే వీలు వచ్చింది. అయితే చవక ఇళ్లు, వైద్యం, చదువు వంటి అవసరాలకే, అదీ ఒక్కో పథకానికి విడిగా అనుమతి తీసుకుని. ఇది ఆస్తి హక్కు మీద దాడి అని భూయజమానుల సంఘాలు అంటున్నాయి.

టెంప్స్‌ఫర్డ్ దగ్గర ఈస్ట్ వెస్ట్ రైలు మార్గానికి కొత్త స్టేషన్ కట్టబోతున్నారు. ఆ పట్టాలకూ స్టేషన్‌కూ పెట్టేది జనం పన్నుల డబ్బు. స్టేషన్ వస్తుందనగానే పక్క పొలం ధర పెరుగుతుంది. అదే పొలాన్ని ఇళ్ల కోసం తీసుకోవాల్సి వస్తే, తమ డబ్బుతో పెరిగిన ఆ ధరను 1961 చట్టం కింద జనమే మళ్లీ చెల్లించాల్సి రావచ్చు.